పిడకలు వాయించే పెద్దమనిషి

1983వ సంవత్సరం, ఏప్రిల్ నెల, రెండవ శనివారం. తెల్లవారి లేచేసరికి వాకిట్లోని బకెట్టు నీటిమీద అద్దం ముక్కలాంటి పలుచని మంచుపొర కట్టి ఉన్నది. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఎండ ఉన్నది గాని, అది చూసుకోవడానికి ఉన్న ఎండే తప్ప కాచుకోవడానికి ఉన్న ఎండ కాదు. భూమధ్యరేఖకు చాలా దిగువన ఉన్న మా మొఖోట్లోంగ్ కొండల్లోకి చలికాలం ఏప్రిల్లోనే, ఇలాగే వస్తుంది. ముందు కబురు చేస్తుంది, తరువాత తాను వస్తుంది, అటుపైన మంచునూ గాలినీ చుట్టాలుగా పిలుచుకొని నాలుగు నెలలు తిష్ఠ వేస్తుంది. ఆ ఉదయాన 'హా మొఫోకా' అనే మా గ్రామంలో ప్రతి ఇంటివారూ పెరట్లో పిడకలు పేరుస్తున్నారు. ఒక్క ఇంట్లో మాత్రం పిడకలు వాయిస్తున్నారు.

ఆ ఇల్లు ఫకీసోది. పెద్దవారిని తండ్రిగా సంబోధించే మా మర్యాదను బట్టి ఊరికంతటికీ ఆయన న్తాతే ఫకీసో. ఆయనలో విశేషమంతా ఒక్కటే: లోకంలోని ఏ వస్తువునైనా సరే, వేలి కణుపుతో కొట్టి, తల ఒకవైపుకు వాల్చి, ఆ నాదాన్ని విని, మంచిదో కాదో తేల్చనిదే ఆయనకు నిద్ర పట్టదు. తేల్చిన ప్రతిసారీ తీర్పు మాత్రం ఒకటే.

"పనికిరాదు."

గుమ్మడికాయను కొట్టి చూచి పనికిరాదనడంలో వింత లేదు. కొత్తగా వచ్చిన పాస్టరుగారి ప్రసంగ పీఠాన్ని, ప్రసంగం జరుగుతూ ఉండగానే వెళ్ళి కొట్టి చూచారు. నా తరగతి నల్లబల్లను కొట్టి, "మాస్టారూ, దీనిమీద రాసిన వ్యాకరణం నిలవదు" అన్నారు. ఒక అంత్యక్రియలో, అందరూ తలలు వంచుకొని నిలబడి ఉండగా, శవపేటికను రెండుసార్లు కొట్టి, "కొయ్య పనికిరాదు" అన్నారు. చనిపోయినవారి తమ్ముడు తల ఎత్తకుండానే, "లోపలున్నాయన ఏమీ అనలేదు కదా, ఊరుకో న్తాతే" అన్నాడు. పెళ్ళి చూపులకు వచ్చిన వరుడి నుదుటిని కొట్టి చూచారని కూడా చెప్పుకుంటారు. నేను చూడలేదు. ఆ పెళ్ళి మాత్రం జరగలేదు.

అయితే పిడకల దగ్గర ఆయన దీక్షే వేరు. మా కొండలమీద వంటచెరకుకు వచ్చే చెట్టు అనేది పాఠ్యపుస్తకంలోని బొమ్మ. పొయ్యి వెలగాలన్నా, చిల్లుల డబ్బా కుంపటి రాజుకోవాలన్నా దొడ్డిలోని పేడే దిక్కు. వేసవి పొడుగునా పశువులు తొక్కి తొక్కి రాయిలా చేసిన పేడను పారతో పలకలుగా కోసి, ఎండబెట్టి, ఇంటి వెనుక గుండ్రంగా పేర్చి, మంచు దిగకుండా పైన పచ్చిపేడతో అలుకుతారు. ఆ కుప్ప ఎంత ఎత్తు ఉంటే ఆ ఇంటి ధైర్యం అంత ఎత్తు. నేను చెప్పవలసిన కథ విడిచి పిడకల వేటకు పోతున్నానని నా పాత శిష్యులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి, ఈ కథలో వేట కూడా పిడకలదే.

న్తాతే ఫకీసో తన పిడకలను మూడు తరగతులుగా విభజించేవారు. కొడితే 'ఠంగు'మన్నది మొదటి రకం. 'ఠక్కు'మన్నది రెండవ రకం. 'బొద్దు'మన్నది, ఆయన మాటల్లో చెప్పాలంటే, "ఆవు అశ్రద్ధ". ఒక్కొక్క పిడకనూ చెవి దగ్గర పెట్టుకొని ఆయన వాయిస్తూ ఉంటే, దారిన పోయేవారు ఏదో పండుగ కాబోలనుకొని రెండడుగులు నాట్యం వేసి మరీ వెళ్ళేవారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పశువులు చిక్కిపోయాయి. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది ఫకీసో ఇంటి పక్కనే, రాతిగోడకు ఆవల ఉండే మ్మే మలికోపో. 'మ్మే' అంటే అమ్మ. ఆమెను ఆ గౌరవం లేకుండా పిలిచి బతికి బట్టకట్టినవాడు లేడు. భర్త పోయాడు, ఉన్న రెండు ఆవులూ కరువుకు పోయాయి, దొడ్డిలో గడ్డి మొలిచింది. ఇద్దరు చిన్న మనుమరాళ్ళు ఆమె దగ్గర ఉన్నారు. ఇంటి వెనుక పిడకల కుప్ప ఉండవలసిన చోట నేల ఊడ్చి శుభ్రంగా ఉన్నది. మంచు పడేలోగా ఆ చోటు నిండకపోతే ఇల్లు మూసి, పిల్లలతో మైదానంలోని మరిది ఇంటికి దిగిపోక తప్పదు.

"మా మరిది మంచివాడే మాస్టారూ," అన్నది నాతో. "వంటింట్లో ఓ మూల ఇస్తాడు. ఇచ్చానని రోజూ చెప్తాడు. ఆ చెప్పడం వింటూ చలి కాచుకోవాలి."

"ఊళ్ళో తలో నాలుగు పిడకలిస్తే..."

"ఇస్తారు. తరవాత నా పొయ్యిలోంచి వచ్చే పొగ చూసి 'అదిగో మా పిడక' అనుకుంటారు. నా పొగ నాదై ఉండాలి."

చర్చి స్త్రీలు ఒక గోనెసంచి నిండా పిడకలు పంపితే, ఆమె ఆ సంచిని క్యాబేజీలతో నింపి తిప్పి పంపింది. దానం చేయబోయినవారు వారం రోజులు క్యాబేజీ తిన్నారు. ఆ తరువాత ఎవరూ సాహసించలేదు.

ఇక శనివారం నాటి సంగతి. నేను రాతిగోడ పక్కన నిలబడి ఇరువైపులవారికీ శుభోదయం చెబుతున్నాను. ఫకీసో ఒక పిడకను కొట్టి, విని, మొహం చిట్లించి, "పనికిరాదు" అని గోడ మీదుగా విసిరారు. అది మలికోపో పెరట్లో పడింది.

"ఏమయ్యా ఫకీసో! నా పెరడు నీ కళ్ళకి చెత్తకుప్పలా కనపడుతోందా?"

"చెత్త వేశాను గనక చెత్తకుప్పే. అది బొద్దుమంటోంది. అలాంటిది నా పొయ్యిలో పెడితే మా తాతలు లేచొచ్చి తిడతారు."

"మీ తాతలు తిట్టేది మా తాతలకి నైవేద్యమా? ఇదిగో, పట్టుకో!"

పిడక వచ్చిన దారినే వెళ్ళింది. ఆ దారిలో నా గడ్డి టోపీ ఉన్నది. తరువాతి కాసేపు ఆ రాతిగోడ మీద ఆకాశం పిడకలమయమైంది. ఒకరు "పనికిరాదు" అనడం, మరొకరు "అయితే నువ్వే తగలేసుకో" అనడం. నడుమ నేను వంగి నిలబడి, శాంతి వచనాలు చెప్పబోయి, నోటిలోకి వచ్చినదాన్ని ఉమ్మడం.

"ఆగండాగండి," అన్నారు ఫకీసో చివరకు, ఆయాసపడుతూ. "నేను వేసినవాటి కంటే ఒకటి ఎక్కువొచ్చింది!"

"అది వడ్డీ, నా పొయ్యి పక్కనుంచి తెచ్చాను! నేనెవరికీ బాకీ ఉండను!"

ఫకీసో ఆ పిడకను కొట్టి చూచుకొని, మరేమీ అనకుండా కూర్చున్నారు. అరుదుగా తప్ప మౌనం వహించని మనిషి మౌనం వహిస్తే భయపడవలసినది పక్కవారే. సోమవారం సాయంత్రం ఆయన దుప్పటి కప్పుకొని మా ఇంటికి వచ్చారు. కుర్చీని కొట్టి చూచి, కూర్చోకుండా నిలబడ్డారు.

"మాస్టారూ, ఒక ఫిర్యాదు రాయాలి. మంచి వ్యాకరణంతో."

"ఎవరిమీద?"

"ఖునోవానా మీద."

"ఖునోవానా మీ ఎర్రావు కదండీ!"

"నా ఆవైతే? చట్టం ముందు నావాళ్ళూ పైవాళ్ళూ ఉంటారా?"

"ఏం చేసింది పాపం?"

"ఏం చేసిందా? పేడ వేసింది!"

"ఆవులన్నీ..."

"అలాంటి పేడా, మాస్టారూ?"

కాగితం తీశాను. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పక తప్పదు. 'నాసిరకపు పేడ వేయబడినది' అని రాస్తే సర్కారు కాగితంలా గంభీరంగా ఉంటుందని ఆయన పట్టుబట్టారు. అలా రాస్తే నేరం మిగిలి నేరస్థురాలు వాక్యంలో నుంచి జారుకుంటుందనీ, చేసినవారిని కర్తగా ముందు నిలబెట్టడమే న్యాయమనీ నేను వివరించాను.

"జారుకోవడానికి వీల్లేదు. గట్టిగా కట్టెయ్యండి," అని దుప్పటి కిందనుంచి తాడు తీసి బల్లమీద పెట్టారు.

మా ఊరి పెద్ద మొఫోకా; ఊరి పెద్దను మేము 'మొరెనా' అని పిలుస్తాము. ఆయన న్యాయసభ ఇంటి ముందటి రాతి ఆవరణలో జరుగుతుంది. ఎవరైనా రావచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు. ఆవుమీద వ్యాజ్యమని తెలిసి ఊరు ఊరంతా దుప్పట్లు కప్పుకొని దిగింది. ఖునోవానాను నడుమ నిలబెట్టారు. దాని వెనుక చక్రాలు లేని ఈడ్పుబండి మీద సాక్ష్యం: చూరెత్తు పిడకల గుట్ట. మొరెనా నా ఫిర్యాదును చదివించుకొని, గడ్డం గోక్కున్నారు.

"నిందితురాలు నమలడం ఆపాలి."

"ఆపదు మొరెనా. అదే దాని పొగరు," అన్నారు ఫకీసో.

"ఈ పేడ దీనిదేనని రుజువేమిటి?"

"వాసన చూడండి."

మొరెనా చూడలేదు. పెద్దలు మాత్రం తలొక పిడకనూ తీసుకొని, ఫకీసోలాగే కణుపులతో కొట్టి, విన్నారు. వారి కనుబొమలు పైకి లేచాయి. ఒకాయన, "ఇది ఠంగు..." అనబోయాడు. ఫకీసో ఆయన కాలు తొక్కారు. "బొద్దు," అన్నాడాయన వెంటనే. "బొద్దే మొరెనా. బొద్దంటే బొద్దు."

"ఈ పశువు తరఫున మాట్లాడేవారెవరైనా ఉన్నారా?" అని అడిగారు మొరెనా.

ఖునోవానా నెమరు ఆపి అందరినీ కలయజూచింది. మలికోపో ఆడవారి వరుసలో కూర్చొని దుప్పటి కొంగు నలుపుకుంటున్నది. పెదవులు బిగించింది. విప్పింది. మళ్ళీ బిగించింది. అన్యాయం చూచి కూర్చోవడం ఆమెకు చేతకాని విద్యల్లో ఒకటి; మిగిలినవేవో ఇంతవరకు తెలియలేదు.

"నేను మాట్లాడతాను మొరెనా! ఆ ఆవుకి నోరుంది గానీ మాట లేదు. ఆయనకి నోరుంది గానీ బుద్ధి లేదు."

"సభలో తిట్లు..." అన్నారు ఫకీసో సంతోషంగా.

"తిట్టు కాదు, సాక్ష్యం! గడ్డి వేసిందెవరు? దొడ్డి పల్లంలో కట్టిందెవరు? నీళ్ళన్నీ అక్కడికే చేరితే పేడ బొద్దుమనక పాట పాడుతుందా? నా దొడ్డి చూడండి, వాలు మీద ఉంటుంది, చుక్క నిలవదు. మా ఆయనున్న రోజుల్లో మా పిడక కొడితే చర్చి గంట సిగ్గుపడేది."

"ఉత్త గొప్పలు మొరెనా! ఈ ఆవుని ఏ దొడ్డిలో కట్టినా ఇంతే."

"నా దొడ్డిలో కట్టి చూడు!"

ఫకీసో తల ఒకవైపుకు వాల్చారు, నాదం వింటున్నవారిలా. "వద్దమ్మా. మీవల్ల కాదు."

"నా వల్ల కాదా? విన్నారా మొరెనా, నా వల్ల కాదట!"

మొరెనా మొఫోకా దగ్గారు. చాలాసేపు దగ్గారు. దుప్పటి అంచుతో నోరు తుడుచుకొని తీర్పు చెప్పారు. పశువులు ఉన్నవారు లేనివారి ఇంట పశువును ఉంచి మేపుకోమనడం మా తాతలనాటి ఆచారం. పశువు యజమానిదే, పాలూ పేడా మేపినవారివి. అది దానం కాదు, ఎవరూ అలా అనుకోరు. ఆ ఆచారం ప్రకారం నిందితురాలు వసంతం వరకు మలికోపో దొడ్డిలో ఉండవలెను.

"మరి దాని తోడుదొంగలు?" అన్నారు ఫకీసో. "దీని వెనకే తిరుగుతూ దీని అలవాట్లే నేర్చిన రెండు పెయ్యలున్నాయి."

"అవీ పోవలెను."

"ఈ సాక్ష్యం మొరెనా? నా ఇంట్లో ఉంటే నేనే మార్చానంటారు. నేరస్థురాలి దగ్గరే ఉంచాలి. అయినా, కాల్చి చూస్తే గానీ నాణ్యం తేలదు."

"అన్నీ కాల్చాలా?" అన్నది మలికోపో అనుమానంగా.

"ఒక్కటి మండితే అన్నీ మండుతాయని ఏ చట్టంలో ఉంది? నేరం మొత్తం మీద కదా?"

ఆమె ఆ గుట్టను చూచింది. ఫకీసోను చూచింది. మళ్ళీ గుట్టను చూచింది. నడుము మీద చేతులు వేసుకొని, బరువైన బాధ్యత తలకెత్తుకునే వారి కంఠంతో, "న్యాయం కోసమంటే తప్పదు. కాలుస్తాను. కానీ పని చాలా ఉంటుంది, చెప్తున్నా," అన్నది.

ఈడ్పుబండి ఆమె పెరట్లోకి వెళ్ళింది. ఊడ్చిన చోట కుప్ప లేచింది. సాక్ష్యానికి పచ్చిపేడతో అలుకుడు కూడా జరిగింది.

ఆ శీతాకాలమంతా మా న్యాయసభ ప్రపంచంలో ఇంకెక్కడా జరగని విధంగా జరిగింది. వారం వారం మలికోపో వచ్చి వాంగ్మూలం ఇచ్చేది.

"మండిందా?" అని మొరెనా.

"మండింది."

"ఎలా?"

"నిప్పు ఎలా మండుతుందో అలా."

"నమ్మను," అని ఫకీసో. "వచ్చే వారం మళ్ళీ కాల్చమనండి. రెండేసి. చలి ఎక్కువైతే సరిగా మండదు, అప్పుడు పట్టుబడుతుంది."

చలి ఎక్కువైంది. మలికోపో రెండేసి కాల్చింది. పట్టుబడలేదు. ఆమె మనుమరాళ్ళు ఖునోవానా పాలు తాగి, బుగ్గలు ఉబ్బి, నా తరగతిలో ముందు వరుసలో కూర్చొని క్రియారూపాలు వల్లించేవారు. నేరస్థురాలి పాలు తాగిన పిల్లలు అంత నిర్దోషంగా వల్లించడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

జూలై నెలలో, తలుపు సగం మూసుకుపోయేంత మంచు పడిన రోజున, నేను న్తాతే ఫకీసో ఇంటికి వెళ్ళాను. అంత మంచులోనూ ఆయన తలుపు బార్లా తెరిచి ఉన్నది. గడ్డి కప్పు సందుల్లోనుంచి, కిటికీలోనుంచి, తలుపులోనుంచి పొగ వస్తున్నది. ఇల్లు చుట్ట కాలుస్తున్నట్లున్నది. లోపల మనిషి కనబడలేదు. దగ్గు మాత్రం వినబడింది. దగ్గును పట్టుకొని వెళితే చివర ఆయన ఉన్నారు, కళ్ళు ఎర్రటి చింతనిప్పుల్లా చేసుకొని.

"రండి మాస్టారూ! మొదటి రకం వెలిగించాను," అన్నారు. పక్కనున్న పిడకను తీసి కొట్టారు. బొద్దుమని, నడిమికి విరిగి, పొడిపొడిగా ఒళ్ళో రాలింది. "విన్నారుగా?"

విన్నాను. గోడకు ఆవల మలికోపో ఇంటిమీద దారంలాంటి సన్నని పొగ తిన్నగా లేస్తున్నది. న్యాయసభలో ఒక పెద్దాయన కాలు తొక్కవలసినంత మంచి నాదం ఆ ఈడ్పుబండి మీదికి ఎలా చేరినదో నాకు అప్పుడు అర్థమైంది. మూడు తరగతులుగా విభజించిన మనిషి, చివరకు మొదటి తరగతినంతా నేరస్థులలో చేర్చారు.

"న్తాతే, ఈ పిడకలు..."

"మాస్టారూ, పొగలో మాట్లాడితే దగ్గొస్తుంది. నోరు మూసుకొని చలి కాచుకోండి."

నోరు మూసుకొన్నాను. చలి కాచుకోవడం మాత్రం కుదరలేదు.

సెప్టెంబరులో పీచ్ చెట్లు పూచాక తుది విచారణ జరిగింది. మలికోపో కొత్త దుప్పటి పిన్ను పెట్టుకొని వచ్చింది.

"మొరెనా, సాక్ష్యమంతా కాలిపోయింది. ఒక్క పలకా పొగ పెట్టలేదు. ఆవు నిర్దోషి. పెయ్యలూ నిర్దోషులే. దోషమంతా యజమానిది. ఇలాంటి మనిషి దొడ్డికి వీటిని తిప్పి పంపడం పాపం. ఆయన బాగుపడేదాకా నా దగ్గరే ఉంటాయి."

"అన్యాయం!" అని ఫకీసో కేకవేశారు. కేకలో ఎక్కడా అక్షరదోషం లేదు. బలమే కొంచెం తగ్గింది.

"నువ్వు బాగుపడతావా?" అని మొరెనా అడిగారు.

"నాకు అలాంటి ఉద్దేశమేమీ లేదు మొరెనా."

ఆ మధ్యాహ్నమే, నేను గోడ పక్కగా వెళుతూ ఉండగా మలికోపో వైపునుంచి ఒక పిడక గాలిలో లేచింది. ఈసారి ముందే వంగాను. వాలు దొడ్డిలో అయిదు నెలలు తొక్కిన సరుకు అది. ఫకీసో దాన్ని తీసుకొని, కొట్టి, చెవి దగ్గర చాలాసేపు పెట్టుకున్నారు.

"పనికిరాదు!" అని అరిచారు.

"అయితే నీ దగ్గరే ఉంచుకో!" అని జవాబు వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. నేను ఉద్యోగ విరమణ చేసి ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. న్తాతే ఫకీసో వయసు పైబడి, మసేరు పట్నంలో కూతురి ఇంటికి దిగిపోయారు. ఆయన దగ్గరనుంచి ఒక మే నెలలో ఈ ఉత్తరం వచ్చింది. దిద్దకుండా ఇస్తున్నాను.

"మాస్టారు గారికి,

నేను బాగున్నాను. పట్నం బాగాలేదు. ఇక్కడ గోడకి ఒక పెట్టె ఉంది, మీట నొక్కితే ఎర్రబడుతుంది. పొగ లేదు, వాసన లేదు. పక్కింటివాళ్ళకి మనం బతికున్నామని ఎలా తెలుస్తుంది? అల్లుడితో చెప్తే నవ్వుతాడు. వాడి తల కొట్టి చూడలేదు, అమ్మాయి వద్దంది.

మా అమ్మాయి నా గదికని కిరసనాయిలు హీటరు ఒకటి కొన్నది. కొట్టి చూశాను. లోపలంతా డొల్ల. మంట నీలంగా వస్తుంది. నీలం రంగు మంటని మీరెక్కడైనా చూశారా? పనికిరాదు. ఇలాంటి వస్తువు నా గదిలో ఉంటే నాకు నిద్ర పట్టదు. అందుకని కొండల బస్సు మీద వేయించి మీకు పంపిస్తున్నాను. మీ ఇంట్లో ఏదో మూల పారేయండి. తిప్పి పంపితే బస్సువాడు మళ్ళీ చార్జీ అడుగుతాడు.

బడిపిల్లలు పంతులికి తలో పిడక తెచ్చివ్వడం మీరు బడి మానేశాక ఆగిపోయిందనీ, మీరు దుప్పటి కప్పుకొని పడుకొని పుస్తకాలు చదువుతున్నారనీ బస్సు డ్రైవరు చెప్పాడు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఒత్తి ఎక్కువ ఎత్తకండి, మసి పడుతుంది. కిటికీ కొంచెం తెరిచి ఉంచుకోండి. కూర్చునే చోటికి ఎడమ పక్కన పెట్టుకుంటే మోకాళ్ళకి బాగా తగులుతుంది. గది తొందరగా వెచ్చబడుతుంది, నేను చూశాను.

అయినా పనికిరాదు.

ఇట్లు
ఫకీసో"